ఆఫ్రికాకు నాణెం నేర్పింది యూరోపియన్లు కాదు

వాట్సాప్‌లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికా వాళ్లకు యూరోపియన్లు వచ్చేదాకా నాణెమంటే తెలియదట, వస్తుమార్పిడే దిక్కట. పాత నాణేలు ఎక్కడైనా దొరికినా అవి రోమ్ నాణేలకు నకళ్లేనట, వాటికి బయట విలువే లేదట. చదివినవాళ్లలో చాలామంది నమ్మేస్తున్నారు కాబట్టి జవాబు చెప్పాల్సిందే.

ముందు కాలం సంగతి. ఇప్పటి ఉత్తర ఇథియోపియా, ఎరిత్రియాల్లో అక్సుమ్ అనే రాజ్యం ఉండేది. దాని రాజు ఎండుబిస్ క్రీ.శ. 270 ప్రాంతంలోనే తన పేరుతో బంగారు, వెండి నాణేలు వేయించాడు. వాస్కో డ గామా తూర్పు ఆఫ్రికా తీరం చేరింది 1498లో.

ఇక నకళ్లన్న మాట. బంగారు నాణేల మీద గ్రీకు అక్షరాలున్న మాట నిజమే. ఎర్ర సముద్రం మీద అప్పటి వర్తక భాష గ్రీకు మరి. కానీ ఆ అక్షరాల్లోనే 'బిసి' అనే స్థానిక బిరుదు కనిపిస్తుంది. బంగారు నాణేల్లో రెండు వైపులా రాజు బొమ్మే ఉంటుంది, దాని చుట్టూ ధాన్యపు వెన్నులు. రోమ్ నాణేల్లో ఈ పద్ధతి లేదు. వెండి, రాగి నాణేల్లో కొన్నిటికి రాజు తల చుట్టూ మాత్రమే బంగారు పూత వేశారు. అంత చిన్న రాగి బిళ్ల మీద అంత సన్నని పని! నాకు అన్నిటికన్నా నచ్చేది కొన్ని రాగి నాణేల మీది గ్రీకు వాక్యం: 'ఇది దేశానికి నచ్చుగాక'. తర్వాత్తర్వాత సొంత గీజ్ లిపి కూడా నాణేలకెక్కింది. 4వ శతాబ్దంలో ఎజానా రాజు క్రైస్తవం తీసుకున్నాక, పాత చంద్రవంక పోయి శిలువ వచ్చింది. శిలువ ఉన్న తొలి నాణేల్లో ఇవీ ఉన్నాయి. వీటిని నకళ్లని ఎలా అంటాం?

బయట విలువ లేదన్నది ఇంకా తప్పు. యెమెన్‌లో దొరికిన ఒక నిధిలో అక్సుమ్ బంగారు నాణేలు రోమ్ నాణేలతో కలిసే, వందల సంఖ్యలో ఉన్నాయి. మన దక్షిణ భారతంలోనూ అక్సుమ్ నాణేలు బయటపడ్డాయి. అటు ఇథియోపియాలోని దెబ్రె దామో మఠం దగ్గర మన కుషాణుల బంగారు నాణేలు వందకు పైగా దొరికాయి. అడులిస్ రేవు మీదుగా ఏనుగు దంతాలు, బంగారం అమ్మిన రాజ్యం అది.

వస్తుమార్పిడి మాటలో కొంత నిజం ఉంది, కానీ పోస్టు దాన్ని తలకిందులు చేసింది. 7వ శతాబ్దంలో అక్సుమ్ నాణేలు ఆగిపోయాయి. ఆ తర్వాత ఇథియోపియాలో అమోలే అనే ఉప్పు దిమ్మెలు కూడా డబ్బుగా చెల్లాయి. అంటే ఉప్పుతో బేరాలు సాగించినవాళ్లు, అంతకు ముందు మూడు శతాబ్దాలకు పైగా సొంత నాణేలు వాడినవాళ్లే. అదే ఖండంలో ఇప్పటి టాంజానియాలోని కిల్వా సుల్తానులు కూడా పోర్చుగీసు ఓడలు రాకముందే తమ పేర్లతో రాగి నాణేలు వేయించారు.