డబ్ల్యూపీఎల్ ప్రధాన కోచ్ కుర్చీ మన ఆడవాళ్లకు ఎందుకింత దూరం?

2023 జనవరి 29న దక్షిణాఫ్రికాలో మన అమ్మాయిలు ఇంగ్లండ్‌ను ఓడించి మొట్టమొదటి అండర్-19 మహిళల ప్రపంచ కప్పు గెలిచారు. ఆ జట్టు ప్రధాన కోచ్ నూషీన్ అల్ ఖదీర్. అయిదు వారాలు తిరిగేసరికి మార్చి 4న మహిళల ప్రీమియర్ లీగ్ (డబ్ల్యూపీఎల్) మొదలైంది. గుజరాత్ జెయింట్స్ నూషీన్‌ను తీసుకుంది, బౌలింగ్ కోచ్‌గా. ప్రధాన కోచ్ పదవి రేచల్ హేన్స్‌కు దక్కింది. హేన్స్ గొప్ప బ్యాటరే, అందులో సందేహం లేదు. కానీ ఆమె అంతర్జాతీయ క్రికెట్‌కు వీడ్కోలు చెప్పింది అంతకు ముందు సెప్టెంబరులోనే. అప్పుడే ప్రపంచ కప్పు తెచ్చిన కోచ్ కింద, నిన్నమొన్నటి దాకా బ్యాటు పట్టిన మనిషి పైన. ఆ సీజన్‌లో గుజరాత్ అట్టడుగున నిలిచింది. అదంతా కోచ్ తప్పని నేను అనను. అయినా నూషీన్‌కే ఆ పదవి ఇచ్చి, జట్టు చివరిస్థానంలో నిలిచి ఉంటే ‘మనవాళ్లకు అనుభవం చాలదు’ అని ఎన్ని గొంతులు లేచేవో ఊహించుకోండి.

క్రీడాజట్లలో కోచ్‌ల నియామకానికి వైవిధ్య నియమం (తక్కువగా కనిపించే వర్గాలవారికీ అవకాశం దక్కేలా చూసే నియమం) ఉండాలా అని చర్చ వచ్చినప్పుడల్లా మన బెంగళూరు తెలుగు మిత్రబృందంలో ఒకటే కేక: ‘ఇక్కడా రిజర్వేషన్లేనా? ప్రతిభ ఉంటే వాళ్లే వస్తారు!’ అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, ఏమీ అనుకోను.

ఈ నియమం పుట్టింది అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో. అక్కడ ఆటగాళ్లలో సగానికి పైగా నల్లజాతివారు, ప్రధాన కోచ్‌లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. 2002లో నల్లజాతి ప్రధాన కోచ్ టోనీ డంజీని టాంపా బే జట్టు తీసేసింది, జట్టు ప్లేఆఫ్ ఆడిన ఏడాదే. మరో నల్లజాతి ప్రధాన కోచ్ డెనిస్ గ్రీన్‌ను మిన్నెసోటా అంతకు కొద్ది రోజుల ముందే పంపేసింది, పదేళ్లలో ఓటములు ఎక్కువైన మొదటి సీజన్ చూపించి. గొడవ పెద్దదైంది. 2003 నుంచి రూనీ నియమం వచ్చింది. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ యజమాని డాన్ రూనీ పేరు అది. ప్రధాన కోచ్ పదవి ఖాళీ అయితే మైనారిటీ వర్గాలకు చెందిన అభ్యర్థిని కనీసం ఒకరినైనా ఇంటర్వ్యూకు పిలవాలని మొదట్లో పెట్టారు. అంతే. పదవి ఇవ్వాలని లేదు, సీటు కేటాయించాలని లేదు. దీన్ని రిజర్వేషన్ అనేవాళ్లు నియమం చదవనైనా లేదు, లేదా చదివీ అంటున్నారు.

మరి అది పనిచేసిందా? కొంత. స్టీలర్స్ 2007లో నల్లజాతి కోచ్ మైక్ టామ్లిన్‌ను తెచ్చుకుంది, రెండేళ్లకే లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది. కానీ మోసం కూడా మొదటి ఏడాదే మొదలైంది. డెట్రాయిట్ లయన్స్‌కు ఎవరు కావాలో ముందే లోకమంతటికీ తెలిసిపోయింది. పిలిచినా నల్లజాతి అభ్యర్థులు రాలేదు. ఉత్తుత్తి ఇంటర్వ్యూకు ఎవరు పోతారు? జట్టు స్టీవ్ మారియూచీని తీసుకుంది, జట్టు అధ్యక్షుడికి లీగ్ రెండు లక్షల డాలర్ల జరిమానా వేసింది. 2022లో నల్లజాతి కోచ్ బ్రయాన్ ఫ్లోరెస్ కోర్టుకే వెళ్లాడు. న్యూయార్క్ జెయింట్స్‌లో తన ఇంటర్వ్యూకు ఇంకా మూడు రోజులు ఉండగానే ఆ ఉద్యోగం వచ్చినందుకు అభినందనల సందేశం వచ్చిందట, పేరున్న మరో కోచ్ బిల్ బెలిచిక్ నుంచి. అది బ్రయాన్ డేబోల్‌కు పంపాల్సింది, పొరపాటున ఈ బ్రయాన్‌కు చేరింది. జెయింట్స్ ఆరోపణలను ఖండించింది, చివరికి ఉద్యోగం మాత్రం డేబోల్‌కే వచ్చింది. పెళ్లి నిశ్చయమైపోయాక పెళ్లిచూపులకు పిలిచినట్టు!

కాబట్టి ఆ పాత నియమాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి మన లీగ్‌కు తగిలించమని నేను అడగడం లేదు. 2022లో ఎన్ఎఫ్ఎల్ తెచ్చిన మరో నియమం మీదే నా ఆశ. ప్రధాన కోచ్‌లను ఎక్కువగా ఎంచుకునేది దాడి విభాగం (పాయింట్లు సాధించే ఆటగాళ్ల బృందం) చూసేవారిలోంచే, నల్లజాతి కోచ్‌లు అక్కడే తక్కువ. అందుకని ప్రతి జట్టూ ఆ విభాగంలో ఒక సహాయ కోచ్‌గా మహిళనో మైనారిటీ వర్గం వ్యక్తినో తప్పనిసరిగా పెట్టుకోవాలన్నారు. ప్రధాన కోచ్‌తో కలిసి పనిచేయాలన్నారు. జీతానికి లీగ్ నిధి నుంచి డబ్బు ఇస్తామన్నారు. పై కుర్చీకి దారి ఎటు నుంచి ఉందో గుర్తించి అక్కడ తలుపు తీశారన్నమాట.

మన దగ్గర ఆ దారి ఎటు నుంచి ఉందో చూడాలంటే బెంగళూరు చాలు. (ఈ ఊళ్లో ఉంటూ ఆర్సీబీని తప్పుపడితే ఇల్లు అద్దెకు దొరకదు, కాబట్టి తప్పుపట్టడం లేదు.) మహిళల జట్టుకు మొదట బెన్ సాయర్, తరువాత లూక్ విలియమ్స్ కోచ్‌లు. వాళ్ల కింద సహాయ కోచ్‌గా చెన్నైకి చెందిన మలోలన్ రంగరాజన్ పనిచేశారు. 2026 సీజన్‌కు ఆయనే ప్రధాన కోచ్. న్యాయమైన నియామకం: జట్టును లోపలి నుంచి చూసిన మనిషి, ఓపికగా నిలబడ్డ మనిషి. నేను అడిగేది ఒకటే. ఆ రెండో కుర్చీలోంచి మొదటి కుర్చీకి ఒక భారతీయ మహిళ ఇంతవరకూ ఏ జట్టులోనూ ఎందుకు జరగలేదు?

రెండో కుర్చీలో అసలు ఎవరూ లేరా అంటే ఉన్నారు. 2023లో యూపీ వారియర్స్ సహాయ కోచ్ అంజూ జైన్, భారత జట్టు మాజీ కెప్టెన్. బంగ్లాదేశ్ మహిళలకు ప్రధాన కోచ్‌గా ఉండి 2018లో ఆసియా కప్పు గెలిపించింది. ఫైనల్లో ఓడించింది ఎవరినో తెలుసా? మనల్నే! ఇంతకన్నా ఏం రాయాలి దరఖాస్తులో? తరువాత యూపీలో ప్రధాన కోచ్ పదవి ఖాళీ అయింది, అభిషేక్ నాయర్ వచ్చారు. మంచి కోచ్, నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ పదవికి అంజూ జైన్‌నో మరో మహిళనో పిలిచి మాట్లాడారా? బయటివాళ్లకు తెలిసే మార్గమే లేదు. నియమం ఉంటే కనీసం ఆ ప్రశ్నకు ఫ్రాంచైజీ కాగితం మీద జవాబు చెప్పాల్సి వచ్చేది.

జాతీయ జట్టు కథా ఇంతే. మన హైదరాబాద్ పూర్ణిమా రావు కోచ్‌గా ఉండగా 2017 ప్రపంచ కప్పు ముంగిట ఆమెను తప్పించారు. ఆ తరువాత పూర్తికాలపు ప్రధాన కోచ్‌గా ఒక్క మహిళా రాలేదు. 2023లో బంగ్లాదేశ్ పర్యటనకు తాత్కాలికంగా నూషీన్‌ను పంపారు, తరువాత అమోల్ మజుందార్ వచ్చారు. 2025 నవంబరులో ఆయన ప్రపంచ కప్పు తెచ్చిపెట్టారు. అదే రుజువు కాదా అంటారు మనవాళ్లు. రుజువే, కానీ దేనికి? దేశవాళీ క్రికెట్‌లో పదకొండు వేలకు పైగా పరుగులు చేసీ భారత జట్టుకు ఒక్క మ్యాచ్ ఆడని మనిషి ఆయన. పేరు కాకుండా పని చూసి పిలిస్తే ఏమవుతుందో ఆయన చూపించారు. అదే చూపు నూషీన్ మీద పడితే చాలు. 2025లో ఆమె రెండో అండర్-19 ప్రపంచ కప్పూ గెలిపించింది. ఆ టోర్నీలో ఉత్తమ క్రీడాకారిణి మన భద్రాచలం గొంగడి త్రిష.

ఇక ప్రతిభ వాదం. ఐపీఎల్‌లో తుది జట్టులో నలుగురికి మించి విదేశీయులు ఆడకూడదు. ఇది కోటా కాదా? ప్రతిభే కొలత అయితే పదకొండు మంది విదేశీయుల్నీ ఆడించాలి కదా! మన కుర్రాళ్లు ఎదగాలని పెట్టుకున్న నియమం అది, ఎదిగారు కూడా. కోచ్‌లకు అలాంటి హద్దు లేదు, 2025 ఐపీఎల్‌లో పది జట్లకు ఆరుగురు విదేశీ ప్రధాన కోచ్‌లే. స్టీఫెన్ ఫ్లెమింగ్ 2008లో చెన్నైకి ఆటగాడు, 2009లో దానికే కోచ్. అనుభవ ధ్రువపత్రం ఎవరైనా అడిగారా? నమ్మి కూర్చోబెట్టారు. అయిదు టైటిళ్లు వచ్చాయి. ఆ నమ్మకం అందరికీ దొరికే సరుకు కాదన్నదే నా బాధ.

మా పిన్ని కూతురు గుంటూరులో జూనియర్ క్రికెట్ ఆడింది, కోచింగ్ లెవెల్ వన్ పాసై ఇక్కడ ఒక అకాడమీలో చేరింది. ‘మేడమ్, మీరు అమ్మాయిల బ్యాచ్ చూసుకోండి’ అన్నారు. మగపిల్లల బ్యాచ్ అడిగితే ‘తల్లిదండ్రులు ఒప్పుకోరు’ అన్నారట. ‘ఏ తల్లిదండ్రులను అడిగారు సార్ అన్నానక్కా, ఎవరినీ అడగలేదట’ అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆడపిల్లలకు ఆడ కోచ్ చాలు, మగపిల్లలకు మగ కోచే కావాలి. ఆడవాళ్ల జట్టు లీగ్ స్థాయికి వచ్చి డబ్బు చేరగానే దానికీ మగ కోచే కావాలి. ఇదెక్కడి లెక్క?

బీసీసీఐని అడగాల్సినవి నా దృష్టిలో రెండే. డబ్ల్యూపీఎల్‌లో ప్రతి జట్టూ వ్యూహాలు నిర్ణయించే సహాయ కోచ్ పదవి ఒకటి భారతీయ మహిళకు ఇవ్వాలి. మెంటార్ అని బిరుదు తగిలించి మూల కూర్చోబెట్టడం లెక్కలోకి రాదు. ప్రధాన కోచ్ పదవి ఖాళీ అయితే ఎవరెవరిని ఇంటర్వ్యూ చేశారో బోర్డుకు రాసి ఇవ్వాలి. డబ్బు లేదని మాత్రం చెప్పకండి. అయిదు జట్లను 4,669.99 కోట్లకు అమ్మిన లీగ్ ఇది, అయిదుగురు సహాయ కోచ్‌ల జీతం ఆ అంకెలో దశాంశ బిందువు తరువాతే సర్దుకుపోతుంది.