శాలువాలు చాలు, లెక్కలు మాట్లాడుకునే సదస్సు పెట్టండి

కళల మీద సదస్సు అంటే మన దగ్గర ఫ్లెక్సీ, జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి ఉపన్యాసం, చివర్లో శాలువా. నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో పాలమూరు యూనివర్సిటీలోనో అలాంటిది ఇంకొకటి పెడితే ఎవరికీ ఒరిగేదేమీ లేదు. విషయం ఎంచుకోవడం నుంచి బడ్జెట్ దాకా, పిలుపుల నుంచి భోజనాల దాకా విద్యార్థులే చూసుకునే సదస్సు కావాలి, అది కూడా కళ గొప్పతనం గురించి కాదు, కళ నడిచే తీరు గురించి. వాషింగ్టన్‌లోని అమెరికన్ యూనివర్సిటీలో ఆర్ట్స్ మేనేజ్‌మెంట్ (కళల నిర్వహణ) చదివే పిల్లలే ఇలాంటి సింపోజియం నడుపుతారు. వాళ్ల సమస్యలు మనవి కావు, కానీ ఆ పద్ధతి మనకూ పనికొస్తుంది.

ఇప్పుడే ఎందుకు అంటారా? దర్శనం మొగులయ్యను చూడండి. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట మనిషి, పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు, 2022లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది, సినిమాలో పాడాడు, ఊరూరా సన్మానాలు జరిగాయి. 2024కి వచ్చేసరికి హైదరాబాద్ శివార్లలో కూలి పనికి వెళ్తున్నాడని పేపర్లలో చదివాం. చాలామంది అయ్యో అన్నారు, కొందరు ఆయన్నే తప్పుపట్టారు. ఆయనకు ప్రోగ్రాములు కుదిర్చేది ఎవరు, రేటు మాట్లాడేది ఎవరు, వీడియోల మీద వచ్చే డబ్బు ఎవరికి పోతోంది అని మాత్రం పెద్దగా ఎవరూ అడగలేదు. 2024లో పద్మశ్రీ అందుకున్న నారాయణపేట జిల్లా బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్ప గురించి కూడా ఇవే ప్రశ్నలు అడగాలి.

నిజానికి మన కళలకు నిర్వహణ కొత్తేమీ కాదు. చిందు, డక్కలి, ఒగ్గు కళాకారుల కుటుంబాలకు మిరాశీ గ్రామాలు, అంటే వంశపారంపర్యంగా హక్కున్న ఊళ్లు, ఉండేవి. ఏ ఊరు ఎవరిదో, పంట మీద ఎంత రావాలో అందరికీ తెలుసు. అది కులం మీద నిలబడ్డ ఏర్పాటు, అందులో అవమానం కూడా ఉంది, తిరిగి రావాలని నేను అనను. కానీ అది పోయాక ఆ స్థానంలో ఇంకో ఏర్పాటు రాలేదు, ఎవరైనా ఫోన్ చేస్తే పోవడం, ఇచ్చింది తీసుకోవడం మిగిలింది.

ఇచ్చింది అన్నాను కానీ అది కూడా చేతికొచ్చే తీరు చూడాలి. ఒక సభలో డప్పు బృందం పొద్దున్నే వచ్చి స్టేజీ వెనక మంట వేసుకుని డప్పులు కాచుకుంది. అతిథి ఆలస్యం, ఆ తర్వాత ఉపన్యాసాలు. తోలు చల్లబడి వదులైతే మళ్లీ కాచారు, మళ్లీ చల్లబడింది. మధ్యాహ్నానికి ‘ఐదు నిమిషాల్లో కానియ్యండి’ అన్నారు. దిగాక అంకె రాయని వోచర్ మీద రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెట్టించుకుని, డబ్బులు అకౌంట్లో పడతాయని పంపేశారు. మైక్‌సెట్ ఆయనకు మాత్రం బయానా ముందే ముట్టింది.

విద్యార్థులు పట్టుకోవాల్సింది ఇదే. 1966లోనే బామోల్, బోవెన్ అనే ఆర్థికవేత్తలు ఒక మాట చెప్పారు: ఫ్యాక్టరీలో మనిషి ఉత్పత్తి పెరిగినట్టు ప్రదర్శనలో పెరగదు, కూలి రేట్లు మాత్రం అందరికీ పెరుగుతాయి, కాబట్టి కళకు ఖర్చు ఎప్పుడూ పెరుగుతూనే పోతుంది. పది మంది ఆడే చిందు భాగవతాన్ని ముగ్గురితో ఆడలేం కదా. టికెట్టు లేని మన ఊళ్లలో ఆ పెరిగే ఖర్చు ఎవరు భరించాలన్నది ఎంబీఏ పిల్లలు, తెలుగు ఎంఏ పిల్లలు కలిసి కూర్చుని తేల్చాల్సిన లెక్క.

దారులు లేకపోలేదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు పెట్టాలి, ఆ జాబితాలో సంప్రదాయ కళలూ ఉన్నాయి. హుజూర్‌నగర్, మఠంపల్లి వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు ఎన్ని ఉన్నాయో మనకు తెలుసు, వాటి సీఎస్ఆర్ లెక్కలు తీసి కళలకు ఎంత పోయిందో సదస్సులో చదివి వినిపించండి. జానపద, శాస్త్రీయ ప్రదర్శనకు కళాకారుడు తీసుకునే మొత్తం లక్షన్నర దాటకపోతే జీఎస్టీ లేదు. కాపీరైట్ చట్టం ప్రకారం ప్రదర్శనను రికార్డు చేయాలంటే కళాకారుడి అనుమతి ఉండాలి, అయినా జాతరలో ఫోన్ పట్టుకున్న ప్రతి ఒక్కరూ వీడియో తీసి ఛానల్లో పెట్టుకుంటున్నారు. ఏడుగురు కలిస్తే సొసైటీ రిజిస్టర్ చేసుకోవచ్చు. ఇవి బృందాల వాళ్లకు తెలుగులో, ఒక పేజీలో చెప్పేవాళ్లు కావాలి.

పిల్లలకు అనుభవం లేదంటారు. నిజమే, కానీ సదస్సు నడిపితేనే వస్తుంది. స్పాన్సర్‌ను అడగడం, కాదనిపించుకోవడం, ఉన్న డబ్బులో ఎవరికి కోత పెట్టాలో తేల్చుకోవడం క్లాసులో నేర్పలేరు. ప్రొఫెసర్లు వెనక ఉంటే చాలు, ప్లీజ్.

తేదీ మాత్రం అకడమిక్ క్యాలెండర్ చూసి పెట్టకండి. కార్తీకంలో కురుమూర్తి జాతర, మాఘంలో రెండేళ్లకోసారి పెద్దగట్టు, అవి కళాకారులకు నాలుగు రూపాయలు వచ్చే రోజులు. బృందాలకు ముందు ఫోన్ చేసి, ఎప్పుడు వీలవుతుందో అడిగి, ఇచ్చే మొత్తం అప్పుడే చెప్పి, సగం బయానా పంపాకే పోస్టర్ వేయండి.