‘హెచ్‌ఓ/ఓఓ’ అని రాసేస్తే సరిపోతుందా?

మోడల్ రైల్వే సామాన్ల డబ్బాల మీద ‘హెచ్‌ఓ/ఓఓ’ అని కలిపి రాయడం చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. అవి రెండూ ఒకటి కావు! ఇవి బొమ్మల సైజు చెప్పే స్కేళ్లు: హెచ్‌ఓ అంటే 1:87, అంటే అసలు సైజులో 87వ వంతు; ఓఓ అంటే 1:76, అంటే 76వ వంతు. రెండింటికీ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే కాబట్టి రైళ్లు ఒకే ట్రాక్ మీద తిరుగుతాయి, నిజమే. కానీ మనుషుల బొమ్మలకీ ఇళ్లకీ పట్టాలతో ఏం పని?

ఆరడుగుల మనిషి హెచ్‌ఓలో 21 మిల్లీమీటర్లు ఉంటాడు, ఓఓలో 24. వినడానికి మూడు మిల్లీమీటర్లే. ప్లాట్‌ఫాం మీద పక్కపక్కన నిలబెట్టి చూడండి, ఒకడు పిల్లాడిలా కనిపిస్తాడు. తలుపులు, బెంచీలు, కార్లు, అన్నిటికీ ఇదే గొడవ. రాత్రిళ్లు కూర్చుని కంకర పొడిని బ్రష్‌తో సర్ది, నీళ్లు కలిపిన జిగురు చుక్కచుక్కగా వేసి, పాయింట్లు (రైలు ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మారే చోట కదిలే భాగాలు) అతుక్కుపోకుండా కాపాడుకుని ఇంత చేస్తే, చివర్లో తప్పు సైజు బొమ్మ ఒక్కటి లేఅవుట్ మొత్తాన్ని చెడగొడుతుంది. చూసేవాళ్లకి కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని ఇట్టే తెలిసిపోతుంది.

ఏ స్కేలో అదొక్కటే రాయండి. అదీ కుదరకపోతే బొమ్మ ఎత్తు మిల్లీమీటర్లలో వేయండి చాలు, లెక్క మేమే చూసుకుంటాం.