రాత్రి వంతు ఎవరిది?

మొన్న కార్తీకంలో తిరుపతి వెళ్ళినప్పుడు బైరాగిపట్టెడలో మా అమ్మ నాకు మేడ మీద గది ఇచ్చింది. పక్క గది మా చెల్లెలి కొడుకుది. ఒక అమెరికా కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాడు. జెట్‌లాగ్‌తో నాకెలాగూ నిద్ర పట్టలేదు. ఒంటిగంట దాటాక గోడ అవతల వాడి ఆఫీసు ఫోన్లోంచి ఒక గొంతు వినిపించింది. ఇంగ్లీషే గానీ మన తెలుగువాళ్ళ ఇంగ్లీషు. "జస్ట్ ఫైవ్ మినిట్స్ బాబూ, చిన్న డౌట్ ఒకటి క్లియర్ చేసుకుని వదిలేస్తా" అంటున్నాడాయన. ఆ అయిదు నిమిషాలు యాభై నిమిషాలు నడిచాయి. పడుకుని లెక్కపెట్టాను.

ఆయన మీద కోపం రావాలి. రాలేదు, సిగ్గేసింది. ఎందుకంటే ఆ ముద్దు చేసే పిలుపు, ఆ సాగదీత, చివర్లో "అయ్యో, మీకు లేటయినట్టుందే" అని కొత్తగా తెలిసినట్టు అనడం, అన్నీ నావే. ఆరేళ్ళుగా న్యూజెర్సీలో కూర్చుని నేను చేస్తున్నది ఇదే. ఇన్నాళ్ళూ ఆ మాటలు ఇటువైపు నుంచి అన్నానే గానీ అటువైపు గోడ పక్కన పడుకుని ఎప్పుడూ వినలేదు.

ఈ పత్రిక చదివే అమెరికా తెలుగువాళ్ళలో సగం మంది ఇలాంటి మీటింగులు పెట్టేవాళ్ళే కాబట్టి మన గురించి మనమే ఒకసారి మాట్లాడుకుందామని రాస్తున్నాను.

మావాడి డ్యూటీ నేను వెళ్ళేనాటికి సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజాము మూడున్నర దాకా. అమ్మ కార్తీక దీపం పెట్టడానికి లేచే వేళకి వాడు కిందకి దిగి, వంటింట్లో నిలబడే పెరుగన్నం తిని, పడుకోవడానికి వెళ్ళేవాడు. ఇద్దరూ మెట్ల దగ్గర ఎదురుపడేవాళ్ళు. ఒకరికి తెల్లారింది, ఒకరికి పొద్దుగూకింది. "వాచ్‌మన్ ఉద్యోగమన్నా మేలు గదమ్మా, వాడు మధ్యలో కునుకన్నా తీస్తాడు. వీడికి అదీ లేదే" అంది అమ్మ. ఆ మాటకొస్తే మా ఊళ్ళో నిద్ర తక్కువైనవాడు ఇంకొకడున్నాడు, కొండమీద. కానీ ఆ స్వామికి కూడా ఏకాంత సేవ చేసి, లాలి పాడి, తలుపులు వేస్తారు. సుప్రభాతం దాకా ఆ గంటో రెండు గంటలో ఎవరూ వెళ్ళి చిన్న డౌట్ ఉందనరు.

నవంబరు మొదటి ఆదివారం వచ్చింది. అమెరికాలో మనకది పండగ లాంటి రోజు. గడియారం గంట వెనక్కి పోతుంది, ఒక గంట ఎక్కువ పడుకుంటాం. అమెరికా వచ్చిన ఇన్నేళ్ళలో ఆ గంట ఎక్కడి నుంచి వస్తోందో నేను ఆలోచించలేదు. సోమవారం సాయంత్రం మా చెల్లెలు "ఇయ్యాళ్టి నుంచి వాడికి ఏడున్నరకి మొదలు, నాలుగున్నరకి అయిపోవడం. మార్చి దాకా ఇంతే" అని మామూలుగా చెప్పింది, ఆర్టీసీ బస్సు టైము మారిందని చెప్పినట్టు. భారతదేశంలో గడియారాలు మారవు, మనుషులు మారతారు. న్యూజెర్సీ ఎడిసన్‌లో నేను అదనంగా పడుకునే గంట బైరాగిపట్టెడలో ఒక కుర్రాడి తెల్లవారుజాము నుంచి కోసుకొచ్చిందని అప్పుడు తెలిసింది. ఇండియా టీముతో నా మీటింగు సంగతి చెప్తాను. మంగళవారం ఉదయం పదకొండున్నరకి. వేసవిలో అది ఇండియాలో రాత్రి తొమ్మిది, చలికాలంలో పది. పదకొండున్నరే ఎందుకు? పిల్లల్ని బడిలో దింపి, ఓ నడక నడిచి, రెండో కాఫీ తాగి కూర్చోవడానికి నాకు అది హాయిగా ఉంటుంది. అంతకు మించి కారణం లేదు.

మన వాట్సాప్ గ్రూపుల్లో పని గంటల మీద చర్చకు కొదవ లేదు. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నప్పుడు, 2025 జనవరిలో ఎల్ అండ్ టి సుబ్రహ్మణ్యన్ గారి 90 గంటల మాట బయటికొచ్చినప్పుడు మనం ఎంత ఆవేశపడ్డామో గుర్తుందా? నేనూ పెద్ద పెద్ద మెసేజ్‌లు పెట్టాను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జూన్‌లో రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచాలని నిర్ణయించినప్పుడూ అంతే, వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంచినా సరే. తప్పు లేదు, అడగాల్సిందే. కానీ మావాడిది రోజుకి ఎనిమిది తొమ్మిది గంటల పనే. లెక్కకి ఎక్కడా తప్పు పట్టలేం. ఎన్ని గంటలు అన్న వాదనలో పడి ఏ గంటలు అన్నది ఎవరూ అడగడం లేదు.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనే రాత్రి షిఫ్టు పనిని 'బహుశా క్యాన్సర్ కారకం' అనే వర్గంలో చేర్చింది. 2019లో మళ్ళీ కూర్చుని పరిశీలించి అక్కడే ఉంచింది. మేకమాంసంతో సహా రెడ్ మీట్ అంతా అదే వర్గంలో ఉంది కాబట్టి దీన్ని చూసి గుండెలు బాదుకోనక్కర్లేదు. కానీ మాంసం మానేయమని డాక్టరు చెప్తే వింటాం, ఈ మాట ఎవరికి చెప్పాలి? ఆఫీసు అయిపోయాక ఫోన్ ఎత్తకపోయే హక్కు ఫ్రాన్స్‌లో 2017లో, ఆస్ట్రేలియాలో 2024లో చట్టంలోకి వచ్చింది. మంచిదే. మావాడికి మాత్రం దానివల్ల ఉపయోగం సున్నా. ఆ ఒంటిగంట ఫోను వాడి ఆఫీసు టైములోనే వచ్చింది మరి.

మా తాతది కార్వేటినగరం పక్కన పల్లె. చెరువు కింద మడి. చెరువు నిండిన ఏడాది తూము తెరిచాక నీళ్ళు ఎవరికి ఎప్పుడు అన్నది నీరుగట్టి చూసేవాడు. నీళ్ళు పగలూ రాత్రీ పారతాయి కదా, అందుకని ఎవరో ఒకరు రాత్రి లేచి లాంతరు పట్టుకుని పోయి మడవ తిప్పాల్సిందే. పాములు, తేళ్ళు, చలి. మా తాతకి చెరువు పక్కనే మంచి మడి ఉండేది, ఊళ్ళో మాట చెల్లేది. అయినా ఆయనా రాత్రి పార భుజాన వేసుకుని పోయేవాడు. ఎందుకంటే వంతు జరిగేది. ఈ తడి రాత్రి వచ్చినవాడికి వచ్చే తడి పగలు. ఎవడి మడికీ ఎప్పటికీ రాత్రే రాసిపెట్టి లేదు. "నాకు ఒళ్ళు బాగుండదు, నా వంతు ఎప్పుడూ పగలే పెట్టండి" అని ఎవరైనా అంటే నవ్విపోయేవాళ్ళు.

చెరువులు పోయి బోర్లు వచ్చాక ఇంకో కథ. కరెంటు ఏ అర్ధరాత్రో ఇచ్చేవాళ్ళు. మోటార్లకి ఆటో స్టార్టర్లు బిగించుకున్నవాళ్ళు బిగించుకున్నారు, మిగిలినవాళ్ళు టార్చిలైటు పట్టుకుని చేలకి పోయారు. పాము కాటుకి, షాకుకి పోయినవాళ్ళ సంగతి చిత్తూరు జిల్లాలో పుట్టినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. రైతులు ఊరుకోలేదు. మాకు పగలే కరెంటు ఇవ్వండని సబ్‌స్టేషన్ల ముందు కూర్చున్నారు. పోనుపోను పగటిపూట తొమ్మిది గంటల కరెంటు ఎన్నికల హామీ అయింది. అప్పుడు ఏ ఒక్కరూ రైతుని సోమరి అనలేదు. వాడికి రాత్రి నిద్ర కావాలి, సహజమే కదా అనుకున్నాం. అదే రైతు మనవడు మా వీధిలో రాత్రి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే మాత్రం "పోనీలే, ఇంట్లోనే కదా, ఏసీ గదిలోనే కదా" అంటున్నాం. వాడు ఏ సబ్‌స్టేషన్ ముందు కూర్చోవాలి?

ఈ సంగతి మా స్నేహితుల మధ్య కదిపితే వచ్చే జవాబులు నాకు తెలుసు. నేనూ ఇచ్చినవే. మొదటిది, వాళ్ళకి నైట్ అలవెన్సు ఇస్తున్నారు కదా అని. నిజమే. చెన్నై, బెంగుళూరులో హాస్టల్ పాలు కాకుండా అమ్మ చేతి ఊరిబిండి తింటూ అదే జీతం తెచ్చుకోవడం చిన్న సుఖమేమీ కాదు, మావాడే ఒప్పుకుంటాడు. ఇంట్లో ఉన్నాడన్న మాటే గానీ ఇంటివాళ్ళతో ఉన్నాడా అన్నదే నా అనుమానం. తిరుచానూరు అమ్మవారి పంచమి తీర్థం రోజు ఇంటిల్లిపాదీ పద్మసరోవరానికి పోయాం. వాడు కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకున్నాడు. "లేపితే వస్తాడక్కా, లేపబుద్ధి కాదు" అంది చెల్లెలు. సంబంధాలు చూస్తున్నారు కూడా. జీతం ఎంత అని అడిగే ముందు "పగటి ఉద్యోగమా, రాత్రి ఉద్యోగమా" అని అడుగుతున్నారట ఆడపిల్ల వాళ్ళు. తెలివైనవాళ్ళు.

రెండో జవాబు, మేమూ ఇలాగే కష్టపడి వచ్చాం అన్నది. దీనికి నా దగ్గర ఓపిక లేదు. అత్త పెట్టిన ఆరళ్ళు కోడలికి పెట్టడం న్యాయమని మనం ఏ ఇంట్లోనూ ఒప్పుకోం.

మూడోది అసలైనది, ఎవరూ పైకి అనరు. భయం. హెచ్‌1బి వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు. గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్ళ తరబడి నిలబడిన మనిషి తన పైవాడికి "రేపు చూద్దాం" అని చెప్పలేడు. పైవాడు మధ్యాహ్నం మూడింటికి అడిగితే, ఇతను అప్పుడే ఇండియాకి ఫోన్ చేస్తాడు. న్యూజెర్సీ టెన్షన్ కాస్తా సముద్రాలు దాటి తిరుపతిలో మేడ మీద గదిలో పడుతుంది. ఆ రాత్రి మాట్లాడినాయన కూడా అలాంటివాడే అయి ఉండొచ్చు. అందుకే ఆయన్ని తిట్టలేకపోతున్నాను. కాకపోతే పైనుంచి అడిగిన ప్రతిదీ ఆ రాత్రికే కావాల్సింది కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నా ఫోన్లలో మహా అయితే పదింట ఒకటి తెల్లారేదాకా ఆగలేనిది ఉంటుందేమో.

తిరిగొచ్చాక నా మంగళవారం మీటింగుకి వంతు పెట్టాను. ఒక వారం ఎప్పటిలాగే మన పదకొండున్నర. మరుసటి వారం మన రాత్రి తొమ్మిదిన్నర, వాళ్ళకి చలికాలంలో ఉదయం ఎనిమిది. కంపెనీ అనుమతి అడగలేదు, అడగాల్సినంత పెద్ద సంగతి కూడా కాదు. అందరూ సంతోషిస్తారనుకున్నాను. ఇండియా వాళ్ళు "నో ప్రాబ్లం మేడం, మాకు అలవాటే, మీరు ఇబ్బంది పడొద్దు" అన్నారు. అది మర్యాదా భయమా తేల్చుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఇక్కడివాళ్ళలో ఒకాయన పిల్లల్ని పడుకోబెట్టే టైమని మూతి ముడుచుకున్నాడు. అటు చిత్తూరు నుంచి పనిచేసే ఆయనకి కూడా ఎనిమిదికి పాపని స్కూల్లో దింపే పని ఉందని, మూడుసార్లు అడిగితే గానీ చెప్పలేదు. తొమ్మిదికి జరిపాం. అంటే నాకు పదిన్నర.

పదిన్నర మీటింగు ఎలా ఉంటుందో ఊహించుకోవడం వేరు, కూర్చోవడం వేరు. మొదటిసారి నేను పోయిన నెల అంకెలు ఈ నెలవనుకుని చదివేశాను. చిత్తూరాయన మెల్లగా సరిదిద్దాడు. ఆయన గొంతు అంత హుషారుగా ఉండగా నేనెప్పుడూ వినలేదు. వెనకాల కుక్కర్ కూత, వీధిలో ఆకుకూరలమ్మి కేక. మీటింగు అయ్యాక నాకు ఒంటిగంట దాకా నిద్ర పట్టలేదు. బుర్రలో అంకెలు తిరుగుతూనే ఉన్నాయి. మర్నాడు ఇంట్లో అందరి మీదా విసుక్కున్నాను. "వాళ్ళు రోజూ ఇంతేనా?" అన్నారు మావారు. అంతే.

ఇంకో సంగతి అప్పుడే గుర్తొచ్చింది. రెండేళ్ళ కింద అదే చిత్తూరాయన అప్రైజల్‌లో నేను 'చిన్న చిన్న తప్పులు ఎక్కువ, శ్రద్ధ పెరగాలి' అని రాశాను. పాత మెయిళ్ళు తిరగేసి చూశాను. ఆ తప్పులన్నీ ఆయన టైము ప్రకారం రాత్రి పన్నెండు దాటాక పంపినవే. పాత ఏడాది అప్రైజల్ ఇప్పుడు దిద్దడానికి సిస్టమ్ ఒప్పుకోదు. ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. "అయ్యో, వదిలేయండి మేడం" అన్నాడు. ఫోన్ చేసింది ఆయన పొద్దున పది గంటలకి, ఆ మాత్రం జ్ఞానం వచ్చింది.

వంతుతో అన్నీ తీరిపోతాయని అనడం లేదు. మావాడిలా మొత్తం ఉద్యోగమే రాత్రయినవాడికి ఒక్క మీటింగు మార్చి ఒరిగేది తక్కువ. వారం వారం షిఫ్టులు మార్చడం కూడా ఒంటికి మంచిది కాదని రేణిగుంట వైపు ఫ్యాక్టరీలకి పోయేవాళ్ళు ఎవరైనా చెప్తారు. కానీ మీటింగు ఎప్పుడన్నది కంపెనీ పాలసీ కాదు, చాలాసార్లు మన క్యాలెండర్‌లో మనం గీసిన గీత. పగలు పంపితే సరిపోయే మెయిలుని పగలు పంపడం, వాళ్ళ ఒంటిగంటకి వచ్చిన డౌట్‌ని మన దగ్గరే ఒక రాత్రి ఉంచుకోవడం, నవంబరులో గడియారం మారినప్పుడు మీటింగుని మన వైపు ఒక గంట ముందే పెట్టుకోవడం, వీటికి ఏ చట్టమూ అక్కర్లేదు.

ఈ వ్యాసం రాస్తున్నానని మావాడికి చెప్పాను. కంపెనీ పేరు రాయొద్దన్నాడు, తన పేరు అసలే వద్దన్నాడు. సరేనన్నాను. కాసేపాగి, "పెద్దమ్మా, మా మేనేజరు కూడా మీ న్యూజెర్సీలోనే ఉంటాడు. ఈ మ్యాగజైన్ ఆయనింటికి కూడా వస్తుందా?" అన్నాడు.