లాసాకు గ్రూపు టూరా, బౌద్ధనాథ్‌లో మకామా?

చర్చకు పెట్టిన మాట ఇది: టిబెట్ సంస్కృతిని దగ్గరగా చూడాలనుకునే తెలుగువాళ్లు కాఠ్మండూ నుంచి లాసాకు వెళ్లే గ్రూపు టూరునే ఎంచుకోవాలి. ఔనంటున్నది ఒకామె. కాదు, కాఠ్మండూలోనే టిబెటన్లు ఉండే బౌద్ధనాథ్ స్తూపం దగ్గర మకాం పెట్టడం మేలంటున్నది ఒక మాస్టారు.

ఆమె: మాస్టారూ, ముందు రూలు సంగతి తేల్చేద్దాం. టిబెట్ స్వయంప్రతిపత్తి ప్రాంతంలోకి విదేశీయులు ఎవరికి వారు వెళ్లడానికి లేదు. రిజిస్టరైన ఏజెన్సీ, వెంట గైడు, చేతిలో టిబెట్ పర్మిట్ ఉండాలి. పర్మిట్ లేకపోతే విమానమే ఎక్కనివ్వరు. కాబట్టి టూరు వద్దనుకుంటే లాసానే వద్దనుకోవాలి.

మాస్టారు: వద్దనుకోవచ్చు కదమ్మా! ఏజెన్సీలు ఎక్కువగా అమ్మే ఎనిమిది రోజుల ప్యాకేజీ చూడండి. లాసాలో మూడు రాత్రులు, ఆపైన గ్యాంట్సే, షిగాట్సే, ఎవరెస్ట్ బేస్ క్యాంప్, కెరుంగ్ సరిహద్దు. సగం టూరు బస్సు కిటికీకే సరిపోతుంది. పైగా 1,400 మీటర్ల కాఠ్మండూలో ఎక్కించి, గంటన్నరలో 3,650 మీటర్ల లాసాలో దింపుతారు. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే దలైలామాల పాత ప్యాలెస్ పోతల, బుద్ధుడి గుడి జోఖాంగ్ పెడతారు.

ఆమె: అది ప్లానులో తప్పు, మార్పించుకోవచ్చు. దిగిన రోజు గదిలోనే ఉండాలి. మర్నాడు నేల చదునుగా ఉండే బార్ఖోర్ వీధి, జోఖాంగ్. పోతలను మూడో రోజుకో నాలుగో రోజుకో తోయాలి. అక్కడ మూడు వందలకు పైగా మెట్లున్నాయి, టికెట్ మీద టైము ఉంటుంది, లోపల గంటకు మించి ఉండనివ్వరు. ఆయాసంతో మెట్ల మీద కూలబడితే ఆ టైము కాస్తా దాటిపోతుంది. ఎత్తు జబ్బు రాకుండా డయామాక్స్ మాత్ర వేసుకునేవాళ్లు డాక్టర్ని అడిగి ముందురోజే మొదలుపెట్టాలి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి.

మాస్టారు: సరే, తర్వాత? షిగాట్సే ఎత్తు 3,840. మర్నాటి రాత్రి పడక బేస్ క్యాంప్ దగ్గర, సుమారు 5,000. మూడు వేలు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దని పర్వత వైద్యులు చెబుతుంటే, ఇక్కడ ఒక్కరోజులో వెయ్యికి పైన! కదలకుండా కూర్చున్నా ఊపిరి అందకపోయినా, నడక తూలినా వెంటనే కిందికి దించాలి. ఆక్సిజన్ డబ్బా కాసేపటి ఊరటే. అప్పుడు చైనా ఇచ్చే గ్రూపు వీసా అడ్డం తిరుగుతుంది. దాన్ని పాస్‌పోర్టులో అంటించరు, అందరి పేర్లూ ఒకే కాగితం మీద ఉంటాయి. కలిసి వెళ్లినవాళ్లు కలిసే బయటికి రావాలి. మధ్యలో ఒకరిని విడిగా పంపాలంటే మళ్లీ కాగితాల తంటా.

ఆమె: ఇది ఒప్పుకుంటున్నాను. అందుకే బుక్ చేసేటప్పుడే మా కుటుంబానికి వేరే వీసా కాగితం కావాలని అడగాలి. ఎవరెస్ట్‌ను నిస్సంకోచంగా కొట్టేయించాలి, మీకు కావలసింది సంస్కృతి అయితే. అలా మిగిలిన రోజుల్లో 1409 నాటి గాండెన్ మఠం చూడొచ్చు, ఎనిమిదో శతాబ్దపు సమ్యే చూడొచ్చు. సమ్యే టిబెట్‌లో మొదటి మఠం. మన దేశం నుంచి వెళ్లిన బౌద్ధ పండితుడు శాంతరక్షితుడు, తంత్రగురువు పద్మసంభవుడు కలిసి నిలబెట్టింది. మధ్యాహ్నం మూడు దాటాక భిక్షువుల వాదం చూడడానికి లాసాలోని సెరా మఠానికి వెళ్లండి, ఆదివారం మాత్రం వద్దు. చెట్ల కింద కంకర ముంగిట్లో జవాబు చెప్పే భిక్షువు కూర్చుని ఉంటాడు. అడిగేవాడు నిలబడి కుడిచెయ్యి పైకెత్తి, ఎడమకాలు నేలకేసి తొక్కుతూ ఫట్‌మని చరిచి ప్రశ్న వేస్తాడు. కూర్చున్నవాడు ఒప్పుకోవాలి, లేదా హేతువు నిలవదనాలి, లేదా వ్యాప్తి లేదనాలి, అంటే ఆ హేతువు ఉన్నచోటల్లా ఆ ముగింపు నిలవదనాలి. మన పాత బౌద్ధ తార్కికులు దిఙ్నాగుడు, ధర్మకీర్తి నడిపిన తర్కం అక్కడ ఇంకా ఊపిరి పీలుస్తోంది. తర్కం కాస్త చదివినవాడికి ఒళ్లు పులకరించాలి.

మాస్టారు: పులకరిస్తుంది, కానీ అక్కడ నోరు విప్పి ఏం అడగగలరు? ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలో, బుద్ధుడు కాలచక్రమనే తంత్రాన్ని బోధించాడని టిబెటన్ల నమ్మకం. అందుకే 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర దీక్ష ఇచ్చారు. టిబెట్‌తో మన బంధం ఇంత దగ్గరిది. లాసాలో గైడును ఆ పేరెత్తి అడిగితే మీకేం కాదు, చిక్కు అతనికి. ఆయన ఫొటో గానీ పుస్తకం గానీ మీ బ్యాగులో దొరికినా ఇబ్బందే. బౌద్ధనాథ్‌లో టీ తాగుతూ అడగొచ్చు. 1959 తర్వాత టిబెట్ విడిచి వచ్చినవాళ్ల కుటుంబాలు ఆ స్తూపం చుట్టూనే ఉన్నాయి. సాయంత్రం మాలలు తిప్పుతూ కుడివైపుగా ప్రదక్షిణం చేసేది వాళ్లే. దగ్గర్లోని కోపన్ మఠంలో పది రోజుల కోర్సుంది, నవంబరులో నెల రోజులదీ ఉంది. ఎత్తు బాధ లేదు, ఇండియన్లకు నేపాల్ వీసా అక్కర్లేదు.

ఆమె: జోఖాంగ్‌లో ఉన్న జోవో అనే బుద్ధుడి విగ్రహం బౌద్ధనాథ్‌లో లేదు మాస్టారూ. ఆ శాక్యముని ముఖం చూడడానికి నెలల తరబడి సాష్టాంగపడుతూ జోఖాంగ్‌కు చేరేవాళ్లున్నారు. వాళ్ల పక్కన గైడు నోరు మెదపకపోయినా పర్వాలేదు. ఇంకో మాట. గ్రూపు వీసాకు అసలు పాస్‌పోర్టు కాఠ్మండూలో ఇచ్చి కొన్ని పనిదినాలు ఎదురుచూడాల్సిందే. ఆ రోజులు ఠమేల్ బజార్లో పోగొట్టుకోకుండా బౌద్ధనాథ్‌లో గది తీసుకోండి.

మాస్టారు: మూడు నాలుగు రోజులు చాలవు. ముందు పది రోజుల కోర్సు, ఆ తర్వాత వీసా. అలా వెళ్లినవాడికి జోఖాంగ్ గోడ మీది బొమ్మ ఎవరిదో తెలుస్తుంది. ఫిబ్రవరి, మార్చి మాత్రం పెట్టుకోవద్దు. టిబెట్ కొత్త సంవత్సరం, 1959 తిరుగుబాటు మొదలైన మార్చి 10 వార్షికదినం దగ్గరపడేసరికి విదేశీయులకు పర్మిట్లు ఆపేస్తుంటారు.

ఆమె: తిరుగు ప్రయాణం కూడా విమానంలోనే పెట్టుకోవాలి. 2025 జూలై వరదకు కెరుంగ్ దారిలో నేపాల్ వైపున్న రసువాగఢీ దగ్గర సరిహద్దు వంతెనే కొట్టుకుపోయింది. అడ్వాన్సు కట్టే ముందు ఏజెన్సీ చేత మూడు రాయించుకోండి: ఈ సీజన్‌లో ఇండియన్ పాస్‌పోర్టుకు వీసా, పర్మిట్ ఇస్తున్నారా, అవి రాకపోతే ఎంత వెనక్కిస్తారు, ఒకరికి జబ్బు చేస్తే దించే ఖర్చు ఎవరిది.

మాస్టారు: నాలుగోది కూడా. అక్కడి నూడుల్స్ సూపు థుక్పాను చాలాచోట్ల మాంసం ఎముకల రసంతోనే కాస్తారు. శాకాహారులుంటే ఆ మాట ముందే రాసివ్వాలి.