మలద్వారం క్యాన్సర్‌కి ‘రోజుకో ప్లాన్’ రేడియేషన్: హడావుడి ఎంత, పని ఎంత?

ఏ ఊరి బస్టాండు గోడ చూసినా ఒక ప్రకటన కనిపిస్తుంది. ‘మొలలు, ఫిషర్, ఫిస్టులా... ఆపరేషన్ లేకుండా గ్యారంటీ వైద్యం’ అని, కింద ఫోన్ నంబర్. విరేచనంలో రక్తం పడిందంటే మనవాళ్ళు ముందు అనుకునేది మొలలే, చాలాసార్లు అది నిజం కూడా. కానీ అరుదుగా ఆ రక్తం వెనక మలద్వారం క్యాన్సర్ ఉంటుంది. ‘కింద కొంచెం ఇబ్బందిగా ఉంది’ అని ఇంట్లోవాళ్ళకి చెప్పడానికే నెలలు పట్టే సమాజంలో, ఆ తర్వాత గోడ మీది నంబర్‌కి ఫోన్ చేసి మరో ఆరు నెలలు ఆయింట్‌మెంట్లు రాసుకున్నాక గానీ అసలు సంగతి బయటపడదు.

ఈ క్యాన్సర్‌కి ఇప్పుడు వినిపిస్తున్న కొత్త మాట అడాప్టివ్ రేడియేషన్. రోజూ స్కాన్ తీసి, ఏఐ సాయంతో ఆ రోజుకి తగ్గట్టు ప్లాన్ మార్చి కరెంటు పెడతారన్నమాట. (రేడియేషన్‌ని మన దగ్గర పేషెంట్లు ‘కరెంటు పెట్టించుకోవడం’ అంటారు, నేనూ అలాగే అంటాను.) నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. టెక్నాలజీ మంచిదే. కానీ దాన్ని ‘క్యాన్సర్‌ని ఇంకా బాగా నయం చేసే మెషిన్’ అని అమ్మడం తప్పు. నయం చేసే పని చాలావరకు 50 ఏళ్ళ కిందటే జరిగిపోయింది.

ఆ కథ కొంచెం చెప్పుకోవాలి. అప్పట్లో ఈ క్యాన్సర్ వస్తే మలద్వారం మొత్తం కోసి తీసేసి, జీవితాంతం పొట్టకు సంచి పెట్టేవాళ్ళు. అమెరికాలో డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ యూనివర్సిటీలో నార్మన్ నిగ్రో అనే సర్జన్, ఆపరేషన్‌కి ముందు గడ్డ కాస్త కరిగితే మంచిదని కీమో, తక్కువ డోసు రేడియేషన్ కలిపి ఇచ్చి చూశాడు. 1974లో ముగ్గురు పేషెంట్ల గురించి రాశాడు. ఇద్దరికి ఆపరేషన్ చేసి, తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి వెతికితే క్యాన్సర్ కనపడలేదు. మూడో మనిషి అసలు ఆపరేషనే వద్దన్నాడు. కత్తి పట్టుకునే సర్జనే కత్తి అవసరం లేదని తేల్చడం, వైద్య చరిత్రలో తరచుగా జరిగే విషయం కాదు.

తర్వాత బ్రిటన్‌లో 585 మందితో జరిగిన యాక్ట్-1 ట్రయల్ ఫలితాలు 1996లో వచ్చాయి. రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవాళ్ళలో 59 శాతం మందికి ఆ చోట వైద్యం విఫలమైతే, కీమో కలిపినవాళ్ళలో అది 36 శాతం. ఆ తర్వాత 940 మందితో చేసిన యాక్ట్-2లో 28 సిట్టింగులు, మొత్తం 50.4 గ్రే (రేడియేషన్‌ని కొలిచే యూనిట్) డోసు, తోడుగా కీమో మందులు: 5-ఎఫ్‌యూతో పాటు మైటోమైసిన్ లేదా సిస్‌ప్లాటిన్. వైద్యం మొదలైన 26 వారాల తర్వాత చూస్తే రెండు గ్రూపుల్లోనూ దాదాపు 90 శాతం మందిలో గడ్డ పూర్తిగా పోయింది. అడాప్టివ్ అన్న మాట లేకుండానే వచ్చిన ఫలితాలివి.

మరి ఇంకేం కావాలి? బాధ తగ్గాలి.

ఐదున్నర వారాలు, సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ సిట్టింగ్. మూడో వారం దాకా చాలామంది బాగానే ఉంటారు. నాలుగో వారానికి గజ్జల్లో, పిరుదుల మధ్య చర్మం ఎర్రబడి, ఊడి, తడితడిగా పుండవుతుంది. విరేచనానికి వెళ్ళాలంటేనే భయం, గోరువెచ్చని నీళ్ళ టబ్బులో కూర్చుంటే గానీ పని కాదు. ఆటోలో పక్కకు ఒరిగి కూర్చుని ఆస్పత్రికి రావడం, మైటోమైసిన్ దెబ్బకి తెల్లకణాలు పడిపోవడం, పొత్తికడుపులోని పేగులకి కూడా కొంత రేడియేషన్ తగిలి నీళ్ళ విరేచనాలు... ఇక్కడే మనిషి ‘ఓ వారం ఆగుదాం సార్’ అంటాడు. ఈ రకం క్యాన్సర్‌లో ఆ వారమే ప్రమాదం, ఎందుకంటే గ్యాప్ ఇస్తే మిగిలిన కణాలు మళ్ళీ పుంజుకుంటాయి. అడాప్టివ్‌ని కొలవాల్సింది ఈ దగ్గరే: మనిషి మధ్యలో ఆగకుండా 28 సిట్టింగులూ పూర్తి చేశాడా లేదా?

అసలది ఎలా పనిచేస్తుందంటే, మామూలు పద్ధతిలో మొదట ఒక సీటీ తీసి, దాని మీద గడ్డ, అవయవాల చుట్టూ గీతలు గీసి, ఆ ప్లాన్‌నే చివరిదాకా వాడతారు. కానీ కడుపులో అవయవాలు ఆ రోజు ఉన్నట్టు ఈ రోజు ఉండవు. నిన్న మూత్రాశయం నిండుగా ఉంది, ఇవాళ సగమే. పేగులో గ్యాస్ చేరింది. అందుకని ‘ఎటు జరిగినా తగలాలి’ అని టార్గెట్ చుట్టూ కాస్త ఎక్కువ జాగా వదిలి కాలుస్తారు, ఆ అదనపు జాగాలో ఆరోగ్యంగా ఉన్న పేగు కూడా కాలుతుంది. వేరియన్ కంపెనీ ఇథోస్ లాంటి మెషిన్లలో పేషెంట్ బల్ల మీద పడుకుని ఉండగానే స్కాన్ తీస్తారు, కంప్యూటర్ పేగు, మూత్రాశయం గీతలు కొత్తగా గీస్తుంది, డాక్టర్ వాటిని సరిచేస్తాడు, పాత ప్లాన్ మేలా కొత్తది మేలా చూసుకుని ఒకటి ఎంచుకుంటారు. డెన్మార్క్‌లోని హెర్లెవ్ ఆస్పత్రి వాళ్ళు ఈ క్యాన్సర్‌లో తమ తొలి అనుభవాన్ని 2022లో ప్రచురించారు. తమాషా ఏంటంటే, ఇదంతా అయ్యేలోపు పేషెంట్ అలాగే కదలకుండా పడుకోవాలి, ఈలోగా మూత్రాశయం ఇంకొంచెం నిండుతుంది! అందుకే కరెంటు పెట్టేముందు మరోసారి స్కాన్ తీసి చూసుకుంటారు.

ఇప్పుడు అమ్మేవాళ్ళు చెప్పని సంగతి. పేషెంట్‌ని ఎక్కువగా ఏడిపించేది ఆ చర్మం పుండు, కానీ గడ్డ ఉన్నదే ఆ చర్మం దగ్గర. దాన్ని వదిలేస్తే క్యాన్సర్‌నే వదిలేసినట్టు. కాబట్టి రోజుకో ప్లాన్ వేసినా మలద్వారం చుట్టూ ఉన్న చర్మం చాలావరకు కాలక తప్పదు. పేగు, మూత్రాశయం, కొంతవరకు జననాంగాలు, వీటిని తప్పించడంలోనే లాభం. పైగా అందులో పెద్ద వాటా ముందే ఐఎంఆర్‌టీ (గడ్డ ఆకారానికి తగ్గట్టు కిరణాల తీవ్రతను మార్చే రేడియేషన్ పద్ధతి) తెచ్చిపెట్టింది. అమెరికాలో జరిగిన ఆర్‌టీఓజీ 0529 అనే ఐఎంఆర్‌టీ అధ్యయనంలో తీవ్రమైన చర్మ సమస్యలు 23 శాతం మందికే వచ్చాయి, పాత పద్ధతిలో అవి 49 శాతం. తీవ్రమైన కడుపు, పేగుల సమస్యలు 36 నుంచి 21 శాతానికి దిగాయి. ఐఎంఆర్‌టీ ఇప్పుడు మన దగ్గర కొత్త వస్తువేం కాదు. అడాప్టివ్ మీద ఉన్న లెక్కల్లో ఎక్కువ భాగం కంప్యూటర్ ప్లాన్‌లో పేగుకి ఎంత డోసు తగ్గిందన్నవి. ప్లాన్‌లో తగ్గిన డోసుకీ, పేషెంట్‌కి నిజంగా తగ్గిన నొప్పికీ మధ్య దూరం ఉంది, ఆ దూరాన్ని పెద్ద ట్రయల్సే పూడ్చాలి.

ఇంకో భయం కూడా ఉంది. వైద్యం నడుస్తుండగా గడ్డ చిక్కిపోతుంది. ‘చిక్కిందిగా, గీత కూడా లోపలికి జరుపుదాం’ అనే ఆశ పుడుతుంది. గడ్డ కనపడకుండా పోయిన చోట కంటికి ఆనని కణాలు ఉండొచ్చు. రోజూ గీతలు మార్చే అధికారం చేతికొచ్చినప్పుడు వాటిని ఎవరు గీస్తున్నారన్నదే అసలు విషయం. ఏఐ గీసిందాన్ని అనుభవం ఉన్న డాక్టర్ రోజూ అరగంట కేటాయించి చూడాలి, లేకపోతే పాత ప్లాన్‌తో నిదానంగా పోవడమే నయం. బయట వందల మంది క్యూలో ఉండే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రిలో ఒక్క పేషెంట్‌కి రోజూ అరగంట మెషిన్ కేటాయిస్తే మిగతావాళ్ళ సంగతేంటి? దీనికి నా దగ్గర సులువైన జవాబు లేదు.

అందుకని, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు బయటపడి పెద్ద ఆస్పత్రిలో అడాప్టివ్ ప్యాకేజీ చూపిస్తే, అప్పు చేసేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఐఎంఆర్‌టీతో పోలిస్తే మా మనిషికి ఏ అవయవం మీద ఎంత తేడా వస్తుంది? గీతల్ని రోజూ చూసే డాక్టర్ ఎవరు? నాలుగో వారంలో చర్మం ఊడితే డ్రెస్సింగ్, నొప్పి మందులు ఎవరు చూస్తారు, మెషిన్ రిపేరుకొస్తే గ్యాప్ రాకుండా ఏం చేస్తారు? ఆడవాళ్ళయితే తర్వాత యోని బిగుసుకుపోకుండా ఏం చేయాలో కూడా అడగాలి, మన దగ్గర అడగకపోతే దాదాపు ఎవరూ చెప్పరు. ఇక వైద్యం మొదలైన రెండున్నర నెలలకి స్కాన్‌లో ఇంకా గడ్డ మిగిలిందని చెప్పగానే ఆపరేషన్‌కి పరుగెత్తకండి. పెరగనంతవరకు ఆగొచ్చు. యాక్ట్-2లో 11 వారాలకి ఇంకా మిగిలి ఉన్నవాళ్ళలో ప్రతి పదిమందిలో ఏడుగురికి 26 వారాలకల్లా అదీ పోయింది.