కింది పిన్ను సంగతి వదిలేశారు
పాత ఫ్రెంచ్ వడ్రంగి బల్లల మీద వ్యాసం బాగుంది. కానీ బల్ల కాలికి బిగించే చెక్క వైస్‌కి (పని చేసే చెక్కను కదలకుండా పట్టుకునే బిగింపుకి) 'పట్టు చాలదు' అన్నారు, అది ఒప్పుకోను. కింద చిల్లుల పట్టీ ఉంటుంది కదా, చెక్క మందాన్ని బట్టి అందులో పిన్ను మార్చాలి. వైస్ దవడ, అంటే ముందుకీ వెనక్కీ కదిలే పలక, కింద ఆ పిన్నుకి ఆనితేనే పైన గట్టిగా కరుస్తుంది. నేనూ మొదట్లో ఇది తెలియక మర తిప్పి తిప్పి చేతులు బొబ్బలెక్కించుకున్నాను. 18వ శతాబ్దపు ఫ్రెంచ్ వడ్రంగి రూబో చూపిన బల్లలో ముందు కాళ్లు పైపలక అంచుతో సమంగా ఉండేది కూడా ఊరికే కాదు, పొడవాటి తలుపు చెక్క వాటికి ఆని నిలుస్తుంది. మా నాన్నకైతే ఇవేవీ లేవు. నేల మీద కూర్చుని చిత్రిక పట్టేవాడు, కాలి మడమే వైస్! ఆ పిన్ను కనిపించేలా దగ్గరగా తీసిన ఫొటో ఉంటే పెట్టండి.